మాట వినని పిల్లికి మందు: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

గుండు మా ఇంటి మగపిల్లి. బరువు 5 కిలోలు, పొగరు అంతకు రెండింతలు. ఒకసారి దానికి జలుబు ముదిరితే డాక్టరు రోజుకొక మాత్ర చొప్పున రాశారు. వారం రోజులు శ్రద్ధగా వేశాననే అనుకున్నాను. ఆ తర్వాత ఇల్లు ఊడుస్తుంటే సోఫా వెనక నాలుగు మాత్రలు దొరికాయి, నానిపోయి, బొచ్చు అంటుకుని. నోట్లో వేసిన మాత్రను చెంపలో దాచుకుని, మింగినట్టు మూతి నాక్కుని, నేను అటు తిరగ్గానే వెళ్ళి అక్కడ ఉమ్మేసి వచ్చేదన్నమాట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఆ వారం కళ్ళు మూసుకున్నది నేనే.

అప్పటినుంచి ఒక్కొక్కటిగా అన్ని దారులూ తొక్కాను. తిండిలో దాచడం, చేత్తో మింగించడం, పిల్ గన్ (మాత్ర వేసే గొట్టం), సిరప్, ఇంజెక్షన్ అన్నీ అయ్యాయి. ఇంట్లో ఉన్న ఇంకో ముసలి పిల్లికి థైరాయిడ్ రావడంతో చెవికి పూసే మందు సంగతీ తెలిసింది. అన్ని పిల్లులకూ పనికొచ్చే పద్ధతి ఒకటంటూ లేదు. కానీ మీ పిల్లికి, మీ ఇంటికి ఏది కుదురుతుందో కొన్ని ప్రశ్నలు వేసుకుంటే ముందే చాలావరకు తేలిపోతుంది.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ఎన్ని రోజులు వేయాలి? నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. ఒక్కసారి వేసే నులిపురుగుల మందైతే పిల్లిని తువ్వాల్లో చుట్టి, ఇద్దరు కూర్చుని, ఎలాగోలా గొంతులో వేసేయొచ్చు. దాని కోపం సాయంత్రానికి పోతుంది. అదే రోజుకు రెండుసార్లు, 10 రోజులంటే 20 కుస్తీలు. మూడో రోజుకల్లా మాత్రల అట్ట చప్పుడు వినగానే మంచం కిందికి దూరుతుంది. ఐదో రోజుకు మీరు మామూలుగా ఎత్తుకోబోయినా పారిపోతుంది. ఇక బీపీ, థైరాయిడ్, గుండె జబ్బు లాంటి వాటికి ఏళ్ళ తరబడి వేయాలి. అక్కడ కుస్తీని లెక్కలోంచి తీసేయాల్సిందే. మొదటి రోజు పనిచేసే పద్ధతులు బోలెడుంటాయి. మీకు కావాల్సింది పదో రోజు కూడా చేయగలిగేది.

మందు ఎలాంటిది? కొన్ని మందులు మామూలు చేదు కాదు. విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్, నొప్పికి ఇచ్చే ట్రామడాల్ నాలుకకు తగిలితే చాలు, పిల్లి నోటినుంచి నురగ కారుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు విషం ఎక్కిందేమోనని హడలిపోతారు. చాలావరకు అది చేదుకు ఊరిన ఉమ్మే. ఇలాంటి మాత్రను పొడి చేసి తిండిలో కలిపితే ఏమవుతుందో ఊహించుకోండి. చేదు సంగతి అలా ఉంచితే, పైపూత ఉన్న మాత్రలనూ, నెమ్మదిగా కరిగేలా చేసినవాటినీ పొడి చేయకూడదు. థైరాయిడ్‌కు ఇచ్చే మెథిమజోల్, క్యాన్సర్‌కు ఇచ్చే క్లోరాంబ్యుసిల్ లాంటివి పొడి చేస్తే ఆ పొడి మనకే మంచిది కాదు. ఇంట్లో గర్భిణులుంటే అసలు ముట్టుకోనివ్వొద్దు.

పిల్లి తింటోందా? తిండి మానేసిన పిల్లికి తిండిలో మందు దాచడం కుదరదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. పిల్లి, అందులోనూ లావుపాటి పిల్లి, వరసగా రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది. మందు కలిపిన తిండిని ముట్టకపోతే "ఆకలేస్తే అదే తింటుందిలే" అని పంతానికి పోకూడదు.

డోసు ఎంత కచ్చితంగా పడాలి? కీళ్ళకు వేసే సప్లిమెంట్ సగం గిన్నెలోనే మిగిలిపోయినా కొంప మునగదు. యాంటీబయాటిక్, గుండె మందు, మూర్ఛ మందు అలా కాదు.

ఇంట్లో ఎన్ని చేతులున్నాయి? ఒంటరిగా ఉండేవాళ్ళకు, చేతులు వణికే పెద్దవాళ్ళకు, గతంలో కరిపించుకున్నవాళ్ళకు కొన్ని పద్ధతులు కాగితం మీదే బాగుంటాయి.

## డాక్టరు గదిలోనే తేలిపోవాల్సిన సంగతి

మందు చీటీ చేతికొచ్చాక ఇంట్లో పడే తిప్పల్లో సగం, ఆ గదిలో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తప్పేవి: "ఇది మాత్రగానే ఇవ్వాలా?" అదే మందు ద్రవంగానో, ఇంజెక్షన్‌గానో, పూతగానో దొరకొచ్చు. రోజుకు రెండుసార్లు వేసేదానికి బదులు ఒక్కసారి వేసేది ఉండొచ్చు. ఒక్కోసారి మందే అక్కర్లేని దారి ఉంటుంది. థైరాయిడ్ ఎక్కువైన పిల్లికి రేడియో అయొడిన్ చికిత్స కుదిరితే జీవితాంతం మాత్రల గొడవ ఉండకపోవచ్చు. అన్నిచోట్లా అది దొరకదు, అన్ని పిల్లులకూ పనికిరాదు. అయినా అడగడంలో పోయేదేముంది?

"మా పిల్లి మాత్ర మింగదండీ" అని చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. నేనూ పడ్డాను. ఆ మొహమాటం ఖరీదే సోఫా వెనక దొరికిన నాలుగు మాత్రలు.

## ఒక్క చూపులో

| పద్ధతి | ఎన్నాళ్ళకు సరిపోతుంది | డోసు పూర్తిగా పడుతుందా | పిల్లికి టెన్షన్ | అసలు చిక్కు |
|---|---|---|---|---|
| తిండిలో దాచడం | ఎన్నాళ్ళయినా, పసిగట్టనంతవరకు | ముద్ద మింగితే పడుతుంది, గిన్నెలో కలిపితే అనుమానమే | చాలా తక్కువ | తిండి మీదే విరక్తి పుట్టొచ్చు |
| చేత్తో మింగించడం | ఒకటి రెండు డోసులు. చేయి తిరిగితే ఎన్నాళ్ళయినా | గొంతు దిగితే పూర్తిగా | ఎక్కువ | కాటు, గొంతులో ఇరుక్కోవడం |
| పిల్ గన్ | చేత్తో వేసినట్టే | అంతే | కొంచెం తక్కువ | తొందరపడితే గొంతుకు గాయం |
| సిరప్, సిరంజి | కొద్ది రోజులు. రుచి బాగుంటే ఎక్కువ | కారిపోయినంత మేర తగ్గుతుంది | మందు రుచిని బట్టి | చేదైతే నురగ, పొరపోవడం |
| చర్మానికి పూత | ఏళ్ళ తరబడి | మందును బట్టి మారుతుంది | తక్కువ | కొద్ది మందులకే కుదురుతుంది |
| ఇంజెక్షన్ | ఒక్కసారి నుంచి జీవితాంతం దాకా | పూర్తిగా | అనుకున్నదానికన్నా తక్కువ | వేశాక వెనక్కి తీయలేం |

## తిండిలో దాచడం

పిల్లి తింటూ ఉంటే, మందును తిండితో ఇవ్వొచ్చని డాక్టరు చెబితే ముందు ఇదే ప్రయత్నించండి. ఇందులో చాలామంది చేసే తప్పు, పసిపిల్లలకు ఇచ్చినట్టు తీపిలో కలపడం. పిల్లికి తీపి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని 2005లో తేలింది. చక్కెరతో చేదు కప్పేయడం మన నాలుక మీద నడిచే కిటుకు, దాని నాలుక మీద నడవదు. పిల్లిని లొంగదీసేది వాసన. అందుకే చేప, చికెన్ లాంటి ఘాటైన వాసన ఉన్నదాన్ని కొంచెం గోరువెచ్చగా చేసి అందులో దాచండి.

గిన్నె నిండా తిండి పెట్టి అందులో మందు కలపొద్దు. సగం తిని లేచిపోతే ఎంత మందు లోపలికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. చిన్న ముద్దలు చేసి, మూడు ముద్దల లెక్క పాటించండి. మొదటిది ఖాళీది. రెండోదాంట్లో మాత్ర. రెండోది నోట్లో ఉండగానే మూడో ముద్ద, ఇదీ ఖాళీదే, ముక్కు దగ్గర పెట్టాలి. దాని కోసం తొందరపడి రెండోదాన్ని నమలకుండా మింగేస్తుంది. మందు మొదలుపెట్టడానికి ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంటే ఆ రోజుల్లో మూడూ ఖాళీ ముద్దలే పెట్టి నమ్మకం కుదర్చండి. మాత్ర పట్టుకున్న వేళ్ళతోనే ముద్ద చుట్టవద్దు, ముద్ద బయట మందు వాసన తగిలితే ఆట అక్కడితో సరి.

ఇంకో రెండు జాగ్రత్తలున్నాయి. కిడ్నీ జబ్బుకో మరోదానికో డాక్టరు ప్రత్యేక ఆహారం రాసి ఉంటే అందులో మాత్రం మందు దాచొద్దు. ఒకసారి మోసపోయిన తిండిని పిల్లి మళ్ళీ ముట్టకపోవచ్చు, ఆ తిండేమో దానికి రోజూ కావాలి. ఇక డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌ను పాలు, చీజ్, పెరుగుతో ఇవ్వకండి. కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది, ఒంటికి పట్టనివ్వదు.

మాత్ర దాచడానికని అమ్మే మెత్తటి ట్రీట్లు కూడా ఉన్నాయి, మధ్యలో గుంటతో. కొన్ని పిల్లులు ఎగబడి తింటాయి. గుండు మాత్రం ట్రీట్ చుట్టూ తిని మాత్రను శుభ్రంగా నాకి నేల మీద వదిలేసింది.

## చేత్తో మింగించడం

పిల్లి తినకపోతే, మందు ఖాళీ కడుపున ఇవ్వాల్సి వస్తే, డోసు కచ్చితంగా పడాల్సి ఉంటే ఇక చేతులకు పని చెప్పాల్సిందే. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ చేయి తిరిగినవాళ్ళకు పది సెకన్ల పని. చేయి తిరగడానికే కొన్ని గాట్లు పడతాయి.

పిల్లిని బల్ల మీదో ఒళ్ళోనో మీకు వీపు ఉండేలా కూర్చోబెట్టండి. ఎదురుగా నిలబడి మీదికి వంగితే అది వెనక్కి జరుగుతుంది, వెనక మీ పొట్టే ఉంటే జరగడానికి చోటుండదు. ఒక చేత్తో తలను పైనుంచి పట్టుకోవాలి. బొటనవేలు ఒక చెంప ఎముక మీద, చూపుడువేలు రెండోదాని మీద ఆనించి ముక్కు పైకప్పు వైపు చూసేలా తల ఎత్తితే కింది దవడ దానంతటదే కొంచెం వదులవుతుంది. రెండో చేతి బొటనవేలు, చూపుడువేళ్ళ మధ్య మాత్ర పెట్టుకుని, మధ్యవేలితో కింది ముందుపళ్ళను మెల్లగా నొక్కి నోరు తెరిచి, నాలుక మీద వీలైనంత వెనక మాత్ర వదలాలి. ముందు పడితే తప్పకుండా ఉమ్మేస్తుంది. నోరు మూసి, తల మామూలుగా దించి, గొంతు కింద మెల్లగా నిమరండి. నాలుక బయటికి తీసి ముక్కు నాక్కుంటే మింగినట్టే అంటారు. గుండు దగ్గర మోసపోయాక నేను ఆ గుర్తును పూర్తిగా నమ్మను. ఇంకో నిమిషం దాన్ని వదలను.

దీని తర్వాత చాలామంది మరిచిపోయే పని ఒకటుంది, అదే అన్నిటికన్నా ముఖ్యమైనది. మాత్ర వెనకే నీళ్ళు పట్టాలి. పిల్లి అన్నవాహికలో పొడి మాత్ర చాలాసేపు అలాగే అతుక్కుని ఉండిపోగలదు. డాక్సీసైక్లిన్, క్లిండమైసిన్ లాంటివి అలా అతుక్కుంటే అక్కడ పుండు పడి, మానాక అన్నవాహిక ఇరుకైపోతుంది. అప్పుడు మింగిన తిండి వెనక్కి వచ్చేస్తుంది. సూది లేని సిరంజితో 5, 6 మిల్లీలీటర్ల నీళ్ళు చెంపలోంచి కొంచెం కొంచెంగా పట్టండి, లేదా వెంటనే ఇష్టమైన తడి ఆహారం పెట్టండి. మాత్రకు కొంచెం వెన్న రాసినా జారుతుంది. అయితే వెన్న రాసినంత మాత్రాన నీళ్ళు మానేయొద్దు.

గింజుకునే పిల్లికి తువ్వాలు చుట్టండి. పసిపిల్లను పొత్తిళ్ళలో చుట్టినట్టు, నాలుగు కాళ్ళూ లోపల, తల మాత్రం బయట. మెడ దగ్గర మరీ బిగించకూడదు. మెడ వెనక తోలు పట్టుకుని లేపడం పాత పద్ధతి. పెద్ద పిల్లికి అది భయం, నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు.

చేదు మాత్రలకు, రోజూ రెండు మూడు మాత్రలున్నవాళ్ళకు ఖాళీ జెలటిన్ క్యాప్సూళ్ళు నిజంగా వరం. చిన్న సైజువి తెచ్చుకుని (3, 4 నంబర్లు పిల్లికి సరిపోతాయి, నంబరు పెరిగే కొద్దీ సైజు తగ్గుతుంది) అన్ని మాత్రలూ ఒకదాంట్లో పెడితే ఒకే కుస్తీతో అయిపోతుంది, నాలుకకు చేదు తగలదు. ఏ మందులు కలిపి పెట్టొచ్చో డాక్టరును అడిగాకే ఈ పని చేయండి. క్యాప్సూల్ తడికి జిగురవుతుంది కాబట్టి నీళ్ళు ఇక్కడ మరీ తప్పనిసరి.

పిల్ గన్ అంటే చివర రబ్బరు మూతి ఉన్న సన్నటి గొట్టం. మాత్రను చివర ఇరికించి, నోట్లో పెట్టి వెనక నొక్కితే గొంతు దగ్గర వదులుతుంది. వేళ్ళు పళ్ళకు దూరంగా ఉంటాయి, అదే దీనివల్ల లాభం. కరిచే పిల్లి ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు. గట్టిగా పొడిచేస్తే గొంతు వెనక గాయమవుతుంది, నెమ్మదిగానే నెట్టాలి.

## సిరప్

"మాత్ర కష్టంగా ఉందండీ, సిరప్ రాయండి" అని అడుగుతాం. పిల్లల విషయంలో అలవాటైన ఆలోచన అది. పిల్లి విషయంలో ఇది సగమే నిజం. మాత్ర నాలుక మీద ఉండేది ఒక్క క్షణం. ద్రవం నోరంతా పరుచుకుంటుంది. మందు చేదైతే సిరప్ మాత్రకన్నా ఘోరం: సగం నురగ రూపంలో మీ చొక్కా మీద పడుతుంది, ఎంత డోసు లోపలికి వెళ్ళిందో తెలియదు, మళ్ళీ వేయాలో వద్దో తెలియదు. చేదు లేని మందైతే మాత్రం సిరప్ హాయి. కొన్నిటిని తిండి మీద పోసినా తినేస్తాయి.

అందుకే అడిగేటప్పుడు రెండు విషయాలు కలిపి అడగండి: రుచి ఎలా ఉంటుంది, ఒక డోసు ఎన్ని మిల్లీలీటర్లు. అర మిల్లీలీటరు పట్టించడానికీ 3 మిల్లీలీటర్లు పట్టించడానికీ చాలా తేడా. కొన్ని ఫార్మసీలు డాక్టరు చీటీ మీద మందును చిక్కగా, చేప రుచితోనో చికెన్ రుచితోనో కలిపి ఇస్తాయి. అలా కలిపిన మందు ఎక్కువ రోజులు నిలవ ఉండదు, తేదీ చూసుకోండి. వాడే ముందు సీసా బాగా కుదపకపోతే మొదటి రోజుల్లో నీళ్ళు, చివరి రోజుల్లో చిక్కటి మందు పడుతుంది.

పట్టించేటప్పుడు తల వెనక్కి వంచకూడదు. మాత్రకు ముక్కు పైకి, ద్రవానికి తల మామూలుగా. ఈ తేడా గుర్తుంచుకోండి. సిరంజి మొనను పక్కనుంచి, కోరపన్ను వెనక ఉన్న సందులో చెంపవైపు పెట్టి అర మిల్లీలీటరు చొప్పున వదులుతూ, మింగడానికి వ్యవధి ఇవ్వాలి. ఒక్కసారిగా కొడితే పొరపోయి మందు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళొచ్చు, అది న్యుమోనియాకు దారి తీస్తుంది. మలబద్ధకానికని లిక్విడ్ పారాఫిన్ లాంటి నూనెలు సిరంజితో పట్టడం అసలు వద్దు. నూనె తప్పుదారిన పోయినా పిల్లికి దగ్గు కూడా రాకపోవచ్చు.

ద్రవం విషయంలో ఒక మంచి మినహాయింపు ఉంది. బ్యుప్రెనార్ఫిన్ అనే నొప్పి మందు పిల్లి చెంపలో పడితే చాలు, అక్కడి పొరలోంచే ఒంటికి పడుతుంది, మింగించాల్సిన పని లేదు. ఆపరేషన్ తర్వాత ఇంటికి ఇచ్చే మందుల్లో ఇది ఉందేమో చూడండి.

## చర్మానికి పూసేవి

చెవి లోపలివైపు, బొచ్చు లేనిచోట పూసే జెల్ అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అన్ని మందులకూ ఇలా ఉంటే ఈ వ్యాసమే అక్కర్లేదు. చర్మం దాటి రక్తంలోకి తగినంత వెళ్ళే మందులు మాత్రం కొన్నే. థైరాయిడ్‌కు మెథిమజోల్ జెల్ ఇలా వాడతారు. బరువు తగ్గిపోతున్న పిల్లికి ఆకలి పెంచే మిర్టజపిన్ పూత ఉంది. యాంటీబయాటిక్‌ను ఇలా పూస్తే ఒరిగేదేమీ లేదు, జబ్బు ముదురుతుంది అంతే. కాబట్టి "దీన్ని జెల్‌గా చేయించొచ్చు" అని ఎవరైనా అంటే, ఆ మందు చర్మంలోంచి వెళ్తుందని డాక్టరు రూఢి చేసుకున్నారో లేదో అడగండి.

మా ముసలి పిల్లికి మాత్రల నుంచి జెల్‌కు మారాం. వేళ్ళకు గ్లవ్స్ వేసుకోవాలి, లేకపోతే ఆ మందు మన చర్మంలోకీ వెళ్తుంది. ఈ పూట ఒక చెవికి, మరుసటి పూట రెండోదానికి. కొత్త పూత వేసేముందు పాతదాని మిగులు తుడవాలి. మాత్రకన్నా ఫలితం కనబడటానికి కొంచెం ఎక్కువ సమయం పట్టింది, రక్తపరీక్షలు చూసి డోసు సరిచేశారు. కానీ మా ఇద్దరి మధ్యా సఖ్యత తిరిగొచ్చింది.

బొచ్చులో చేరే పురుగులు, నులిపురుగులు లాంటి వాటికి మెడ వెనక, పుర్రె కింద వేసే చుక్కల మందులు బాగా పనిచేస్తాయి. అక్కడైతే పిల్లి నాలుక అందదు. నులిపురుగుల మాత్రతో యుద్ధం చేసేవాళ్ళు ముందు దీని గురించి అడగండి. ఒక్క హెచ్చరిక: కుక్కలకు వేసే పెర్మెత్రిన్ ఉన్న చుక్కలు పిల్లికి వేస్తే చచ్చిపోవచ్చు. "అదే కదా, కొంచెం తక్కువ వేద్దాం" అనుకోకండి.

ఆస్తమా ఉన్న పిల్లులకు స్టెరాయిడ్ మాత్రల బదులు మాస్క్, గొట్టం అమర్చిన ఇన్‌హేలర్ కూడా ఉంది. మాస్క్‌ను అలవాటు చేయడానికి కొన్ని వారాలు పట్టొచ్చు గానీ ఒకసారి కుదిరితే ఏళ్ళ తరబడి నడుస్తుంది.

## ఇంజెక్షన్

సూది అనగానే మనకే వణుకు. పిల్లికి మాత్రం చర్మం కింద వేసే సన్నటి సూది నోరు తెరిపించడం అంత అవమానంగా అనిపించదు. డయాబెటిస్ పిల్లులున్నవాళ్ళు రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేస్తారు. చాలామంది పిల్లి తింటూ ఉండగా వేసేస్తారు, అది తల కూడా ఎత్తదు. మొదటి రెండు మూడు సార్లు డాక్టరు ముందే వేసి చూపించుకోండి.

క్లినిక్‌లో వేయించే దీర్ఘకాలపు ఇంజెక్షన్లు వేరే రకం. సెఫోవెసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క సూది దాదాపు 14 రోజులు పనిచేస్తుంది. అస్సలు పట్టుబడని పిల్లికి, వీధి పిల్లికి ఇది దేవుడిచ్చినట్టే. అయితే ప్రతి ఇన్ఫెక్షన్‌కూ ఇది సరిపోదు. మామూలు మందుతో పోయేదానికి ఇంత బలమైనది వాడటానికి మంచి డాక్టర్లు ఇష్టపడరు, అది న్యాయమే. పైగా పడకపోతే మాత్రలా మర్నాటి నుంచి ఆపేయలేం, అది ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది. కీళ్ళ నొప్పులున్న ముసలి పిల్లులకు నెలకోసారి వేసే ఫ్రునెవెట్మాబ్ ఇంజెక్షన్ కూడా వచ్చింది, అమెరికాలో 2022లో అనుమతి దొరికింది. రోజూ నొప్పి మందు పట్టించే బాధ పడుతున్నవాళ్ళు దీని గురించి అడిగి చూడండి.

## మీరు ఈ పరిస్థితిలో ఉంటే

ఒకటి రెండు డోసులే ఉంటే పెద్దగా ఆలోచించొద్దు. తువ్వాలు, ఇద్దరు మనుషులు, మాత్ర, నీళ్ళు. లేదా క్లినిక్‌లోనే వేయించుకుని వచ్చేయండి.

వారం, పది రోజుల యాంటీబయాటిక్, పిల్లి బాగానే తింటోంది: మూడు ముద్దల పద్ధతి. పసిగడితే క్యాప్సూల్. రెండూ కుదరకపోతే మూడో రోజులోపే డాక్టరుకు ఫోన్ చేయండి. సగం కోర్సుతో ఆపేయడం కన్నా మందు మార్పించుకోవడం మేలు.

పిల్లి తినడం లేదు: తిండిలో దాచే జోలికి వెళ్ళకండి. ఇంజెక్షన్ ఉందేమో అడగండి. వికారం తగ్గించే మందు ముందు ఇస్తే పిల్లి తినడం మొదలుపెట్టి, మిగతా మందుల దారి తేలికవుతుంది.

జీవితాంతం వేయాలి: పూత ఉంటే పూత, నెల సూది ఉంటే సూది, రెండూ లేకపోతే తిండి. చేత్తో వేయక తప్పకపోతే రోజూ ఒకే వేళకు, ఒకే చోట, అయ్యాక ప్రతిసారీ దానికి ప్రాణమైన ట్రీట్. మందు చోటు, తిండి చోటు, నిద్ర చోటు వేరువేరుగా ఉంచండి. నిద్రపోతున్న పిల్లిని లేపి మందు వేస్తే అది ఇంట్లో ఎక్కడా ధీమాగా పడుకోదు.

ఒంటరిగా ఉన్నారు, పిల్లి కరుస్తుంది: పంతం వద్దు. పిల్లి కోరలు సన్నటివి, లోతుగా దిగి క్రిముల్ని లోపల వదులుతాయి. పైకి చిన్న చుక్కలా కనిపించే గాయం మర్నాటికి చేయంతా వాచేలా చేస్తుంది. కరిస్తే సబ్బు, నీళ్ళతో 15 నిమిషాలు కడిగి మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, రేబిస్ సంగతి కూడా అక్కడే తేల్చుకోండి. ఇలాంటి ఇంటికి ఇంజెక్షన్, లేదా రోజుకోసారి క్లినిక్‌కు తీసుకెళ్ళడం.

రెండు మూడు పిల్లులున్నాయి: తిండిలో దాచేటట్టయితే తలుపు వేసి ఒక్కదానికే పెట్టండి. థైరాయిడ్ మందు ఆరోగ్యంగా ఉన్నదాని కడుపులోకి పోతే రెండు సమస్యలవుతాయి. చెవి పూత అయితే అది ఆరేదాకా ఒకదాన్నొకటి నాక్కోకుండా చూడండి.

ఏ దారి ఎంచుకున్నా, వేసిన వెంటనే వాంతి అయితే మీ అంతట మీరే రెండో డోసు వేయొద్దు, ఫోన్ చేసి అడగండి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండింతలు వేయొద్దు. పిల్లి బాధ చూడలేక మన డబ్బాలోంచి జ్వరం మాత్ర ముక్క తీసి ఇచ్చేవాళ్ళున్నారు. పారాసెటమాల్‌ను విరిచేయగల శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. పొరపాటున ఇచ్చి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే బయలుదేరండి.

ఒక కాగితం మీద తేదీ, వేళ, మింగిందా లేదా అన్నది రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఇంట్లో ఇద్దరుంటే ఇద్దరూ వేసేయడం, లేదా ఇద్దరూ రెండోవాళ్ళు వేశారనుకోవడం జరుగుతూనే ఉంటుంది. నేను ఆ కాగితం మీద ఇంకో గడి కూడా గీసుకున్నాను: సోఫా వెనక చూశానా.